జడితి పట్టని యాట

రాళ్ళకుంట చర్చిలో యాసంగి కోతల పండుగంటే సగం బైబిలు, సగం ఊరు. ఏది ఏ సగమో తేల్చాలని చూసినవాళ్ళు తలనొప్పి తెచ్చుకున్నారు తప్ప తేల్చింది లేదు. వరి కోతలై, కళ్ళాలు ఊడ్చేశాక, మే నెల మొదటి ఆదివారం పొద్దున్నే బండ్లు కట్టి, మొదట కోసిన పనలు వాటిమీద పెట్టుకుని చర్చి చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. ముందు డప్పులు, వెనక కీర్తనలు. ఆడవాళ్ళు కొత్తబియ్యంతో పరమాన్నం వండి కుండలు నెత్తిన పెట్టుకొస్తారు. కుండకు పసుపు రాస్తారు, పసుపు మీద సున్నంతో సిలువ గీస్తారు. అయ్యగారు పనలను దీవించి ప్రార్థన చేస్తాడు. అంతవరకు అందరికీ సమ్మతమే. ఆ తర్వాత ప్రహరీగోడ అవతల, వేపతోపులో, మేకపోతులు తెగుతాయి. వాటినే అక్కడ యాటలంటారు.

ఒకప్పుడు పైనుంచి పెద్ద అయ్యగారొకాయన ఈ నెత్తురు పని మానుకొమ్మని కాగితం పంపాడు. చర్చిలో చదివి వినిపించారు. అందరూ ఆమేన్ అన్నారు. ఆ వచ్చే ఆదివారం ముప్పై ఆరు యాటలు కోసుకున్నారు. మొక్కు దేవుడికి గానీ కాగితానికి కాదు గదా అని వాళ్ళ వాదన. అయ్యగార్లు మారారు గానీ వేపతోపు మారలేదు.

ఆ తోపులో ఒక కట్టుబాటుంది. జడితి. యాటను వేపమొద్దు దగ్గరికి తెచ్చాక దాని వీపు మీద చర్చి తొట్టిలోని నీళ్ళు చల్లుతారు. అది జలదరించి ఒళ్ళంతా విదిలించుకోవాలి. అదే జడితి పట్టడం. పైవాడు కానుక ఒప్పుకున్నాడని, జీవం కూడా సరేనన్నదని దాని అర్థం. అప్పుడే కత్తి లేవాలి. మొక్కుకున్న ఇంటి మగమనిషి వంగి, రెండు చేతులా చెవులు పట్టుకుని, మెడను మొద్దు మీదికి సాచాలి. నరికేవాడు ఒక్క దెబ్బతో తల వేరు చేయాలి. రెండో దెబ్బ పడిందా, మొక్కినవాడికి మంచిది కాదు, నరికినవాడికి పరువు లేదు.

ముప్పై ఏళ్ళుగా ఆ దెబ్బ యాకయ్యది. తండ్రి చేతిలో నుంచి ఆయన చేతికి వచ్చింది. ఇన్నేళ్ళలో రెండో దెబ్బ వేసిన పాపాన పోలేదు. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఎకరన్నర పొలం, కూలిపని. గొంతెత్తి ఎవర్నీ ఒక మాట అని ఎరగడు. అంత మెత్తని మనిషి చేతికి అంత పదునైన పని ఎట్లా వచ్చిందని ఊళ్ళో నవ్వుకునేవారు. మెత్తనివాడు కాబట్టే వచ్చింది. జీవం బాధ పడకుండా పోవాలని అంత పట్టుదల ఎవరికుంటుంది?

తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్డెక్కిన ఆ ఏడు, రెండువేల పదిలో, యాకయ్య కత్తి పట్టడని అందరూ అనుకున్నారు. ఆయన ఒక్కగానొక్క కొడుకు చిరంజీవి పోయి మూడు నెలలే అయింది. తొర్రూరు రోడ్డు మీద రాస్తారోకో జరిగింది ఫిబ్రవరిలో. రోడ్డు మధ్యనే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తింటూ వేలమంది కూర్చున్నారు. డిగ్రీ చదువుతున్న చిరంజీవి కూడా వాళ్ళలో ఉన్నాడు. పొద్దు గూకకముందే పోలీసులు పడ్డారు. అన్నం గుండిగలు తన్నేశారు. దొరికినవాణ్ని దొరికినట్టు బాదారు. మంట మీద పడ్డవాణ్ని లేవనీయకుండా బాదారు. చిరంజీవిని నడినెత్తి పగిలి, కాలువ పక్కన పడివుంటే ఎత్తుకొచ్చారు. వరంగల్ దవాఖానలో ఆరు రోజులు కళ్ళు తెరవకుండా ఉండి పోయాడు.

పోలీసుల కాగితంలో మటుకు ఇట్లా ఉంది: పారిపోతూ కల్వర్టు మీద కాలు జారి పడి, తలకు గాయమై మరణించెను.

కొడుకు శవాన్ని యాకయ్యే కడిగాడు. ముప్పై ఏళ్ళు తోలూ ఎముకా చూసిన కళ్ళకు కాగితంతో పనేముంది? మోకాలి కింద ఒక దెబ్బ. మెల్లగా వేసింది. నడినెత్తిన ఒక దెబ్బ. గట్టిగా వేసింది. రెండూ కట్టె దెబ్బలే. కొట్టిందెవరు? ఆ ఒక్క ముక్క ఆయన్ను నిద్రలోనూ తినేది. నష్టపరిహారం అడగలేదు, ఉద్యోగం అడగలేదు. నా కొడుకు కాలు జారి చావలేదు, ఫలానావాడు కొట్టి చంపాడు అని ఒక మనిషి నోరు తెరిచి చెప్పాలి, అది కాగితం మీదికి ఎక్కాలి. అంతే కావాలి ఆయనకు. మూడుసార్లు ఠాణాకు పోయాడు. మూడుసార్లూ గేటు బయట ఎండలో కూర్చోబెట్టి పంపారు.

ఆ రోజు ఆ రోడ్డు మీద బందోబస్తులో ఉన్న పోలీసుల్లో ఒకడు రాళ్ళకుంట పిల్లవాడే. సంజీవ. యాకయ్యకు సొంత మేనల్లుడు, అక్క ఎల్లక్క కొడుకు. భూపాలపల్లి వైపు కానిస్టేబులు. ఎల్లక్క మొగుడు తొందరగా పోవడంతో సంజీవ సగం బాల్యం యాకయ్య ఇంట్లోనే గడిచింది. యాకయ్య భార్య పుష్పమ్మ సండే స్కూలు పిల్లలకు వాక్యాలు నేర్పేది. చిరంజీవినీ సంజీవనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి, ఒకే కంచంలో కలిపి ముద్దలు పెట్టి నేర్పింది. అట్లాంటివాడు చావుకు వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి, "నేను అవతలి పక్క డ్యూటీల ఉన్న మామా, నాకు తెల్వదు" అన్నాడు. ఎవరూ అడగకముందే అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. అప్పుడు వెళ్ళినవాడు మళ్ళీ మామ గడప తొక్కలేదు.

ఇంక పండుగకు ముందు మూడు రోజులూ యాకయ్య సానరాయి వదల్లేదు. పుష్పమ్మ గుంజకు ఆనుకుని చూస్తూ నిలబడేది. శుక్రవారం ఇంక ఆగలేకపోయింది.

"ఎన్ని యాటలు వస్తున్నయని గింత సాన వడుతున్నవ్?"

"ముప్పయొక్కటి."

"ఆఖరు యాట ఎవలది?"

యాకయ్య చెయ్యి ఆగలేదు. "అక్కది."

అది వాళ్ళిద్దరికీ తెలిసిందే. రోడ్డు మీద కొట్లాట మొదలైందని ఫోను వచ్చిన ఘడియలో ఎల్లక్క చర్చి మెట్ల మీద పడి, నా కొడుకు క్షేమంగా ఇల్లు చేరితే యాటనిస్తానని మొక్కుకుంది. ఆమె కొడుకు క్షేమంగా ఇల్లు చేరాడు. అదే ఘడియలో తమ్ముడి కొడుకు కాలువ పక్కన పడున్నాడు. మొక్కు తప్పకూడదు గనక ఆమె యాటను మేపుతూనే ఉంది. తమ్ముడి ఇంటి ముందు నుంచి దాన్ని తోలుకుపోయేటప్పుడు తల ఎత్తేది కాదు.

"అంటే చెవులు వట్టుకునేది సంజీవనే" అంది పుష్పమ్మ. "నీ కత్తి కింద వంగుతడు."

"అడుగుత. ముందుగాల అడుగుత."

"పోలీసోడు చెప్తడా?"

"కత్తి కింద చెప్తడు."

పుష్పమ్మ చీర చెంగు నడుముకు దోపుకుంది. "చెప్పినంక నువ్వు ఇడిసిపెట్టినా నేను ఇడిసిపెట్ట. గిది యాదుంచుకో." ఆమె కళ్ళలో తడి లేదు. మూడు నెలల కిందటే ఇంకిపోయింది. వాక్యాలు నేర్పిన నోరు అట్లా అంటుందా అని అడిగేవాళ్ళుంటే ముందు ఒక కొడుకును కని, పెంచి, పాతిపెట్టి రావాలి.

ఆదివారం బండ్లు తిరిగాయి. పనలు దీవించారు. ఆ ఏడు కీర్తనల మధ్యలో జై తెలంగాణ కూడా వినిపించింది. కుర్రవాళ్ళు చేతికి నల్లగుడ్డలు కట్టుకుని చిరంజీవి ఫోటోను మొదటి బండి మీద పెట్టారు. అయ్యగారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

తోపులో పని మొదలైంది. నీళ్ళు చల్లేది ఉప్పలమ్మ. ఎనభై ఏళ్ళ ముసలిది. బాప్తిస్మంలో ఎలీసబెతని పేరు పెట్టారు గానీ ఆ పేరుతో పిలిస్తే పలకదు. ఆమె చెంబుతో నీళ్ళు చల్లడం, యాట విదిలించుకోవడం, "జడితి వట్టింది" అని ఆమె కేకెయ్యడం, డప్పు ఒక్కసారి గుప్పుమనడం, కత్తి దిగడం. మొద్దు చుట్టూ నేల ఎర్రగా బురదైంది. యాకయ్య మోకాళ్ళదాకా నెత్తురు. గడ్డం మీద నెత్తురు. ముప్పై తలలు వేపచెట్టు కింద వరసగా కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కదానికీ రెండో దెబ్బ పడలేదు. ప్రతి దెబ్బకూ ఆయన పెదవులు కదలడం పక్కనున్నవాళ్ళు చూశారు. ప్రార్థన అనుకున్నారు. కాదు, లెక్కపెడుతున్నాడు.

ముప్పయొకటో యాట వచ్చింది. నల్లది, నుదుట తెల్లమచ్చ. తాడు ఎల్లక్క చేతిలో ఉంది. పక్కన తెల్లచొక్కాలో సంజీవ.  నల్లగుడ్డల కుర్రవాళ్ళు దగ్గరికి జరిగారు.

"దండం మామా" అన్నాడు సంజీవ. యాకయ్య కత్తితో మొద్దు వైపు చూపించాడు.

సంజీవ వంగి చెవులు పట్టుకున్నాడు. అతని మెడ, యాట మెడ పక్కపక్కన మొద్దు మీదికి వచ్చాయి. ఉప్పలమ్మ నీళ్ళు చల్లింది. యాట కదల్లేదు. చెంబు నిండా ముంచి ఇంకోసారి పోసింది. నీళ్ళు వీపు మీది నుంచి కారి బురదలో కలిశాయి. యాట రాయిలాగా నిలబడింది. మూడోసారి చెంబు వెనక చెంబు గుమ్మరించింది. చెవి కూడా ఆడలేదు. ఆ తోపు పుట్టిన తర్వాత మూడు నీళ్ళకూ జడితి పట్టని యాట అదే.

ఉప్పలమ్మ చెంబు కింద పెట్టి, సంజీవను ఎగాదిగా చూసింది.

"ఇచ్చెటోనికీ నరికెటోనికీ నడుమ ఏదో ఉన్నది. గది తేలకుంట దేవుడు ముట్టడు. కానుక గీడ్నే వెట్టి, ముందుగాల మీ మామతోని మాట్లాడుకో బిడ్డా. బైబిల్ల గట్లనే రాసున్నది, గట్లనే మా అవ్వ గూడ చెప్పింది."

గోడ అవతల నుంచి అయ్యగారు అవునన్నట్టు తలాడించాడు. రెండు సగాలూ ఒక మాట మీద నిలబడిన రోజు అది.

యాకయ్య కత్తి మొనను మొద్దులో గుచ్చి నిలబెట్టాడు. "అడ్గుతున్న సంజీవా. నా కొడుకును కొట్టిందెవలు?"

సంజీవ చెవులు వదల్లేదు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.  ఎల్లక్క, "అవతలి పక్క ఉన్ననని చెప్పు కొడుకా, చెప్పు" అంది. ఆ మాటతో వాడి వీపు వణికింది.

"నేనే మామా."

ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. సంజీవ నేల చూస్తూ చెప్పుకుపోయాడు.

"అందరు ఉరికిండ్రు. చిరంజీవి ఉరకలే. నన్ను జూసి బావా అని నిలవడ్డడు. తొర్రూరు సీఐ సారు చూసిండు. వాడు మీవోడా అన్నడు. అవునంటె నన్ను గూడ ఉద్యమపోడంటరని భయమైంది. నేనెరుగనన్న. ఎరగకపోతె కొట్టు అన్నడు. కాలు మీద ఏసిన. మెల్లగనే ఏసిన మామా. కిందవడి నవ్విండు. గదేం దెబ్బ బావా అన్కుంట నవ్విండు. సారు ఆ నవ్వు చూసిండు. మళ్ళ కొట్టు అన్నడు."

"మళ్ళ?"

"నెత్తి మీద."

ఆ తర్వాత తోపు తోపులాగా లేదు. బండి కట్టెలు పీక్కుని కుర్రవాళ్ళు మీద పడ్డారు. మొదటి దెబ్బకు సంజీవ నోరు పగిలింది. రెండోదానికి చెవి. బురదలో పడేసి తన్నారు. బండి మీది నుంచి చిరంజీవి ఫోటో తెచ్చి పట్టుకున్నవాడే ఆ చట్రంతో ముఖం మీద బాదాడు. అద్దం పగిలి చెంపలో దిగింది. ఎల్లక్క కొడుకు మీద అడ్డంగా పడితే ఒక కట్టె ఆమె ముంజేతి మీద పడి ఎముక పటుక్కుమంది. అయినా ఆమె లేవలేదు. ఇంకాసేపైతే తల్లీకొడుకులిద్దరూ అక్కడే పోయేవాళ్ళు.

"జరుగుండ్రి!"

యాకయ్య గొంతు అంత పెద్దదని ఊరికి అప్పుడే తెలిసింది. కత్తి మొద్దులో నుంచి పీకి పట్టుకున్నాడు. "పోయిన కొడుకు నావోడు. కత్తి నా చేతిల ఉన్నది. ఒక్కడు ముట్టినా ముందుగాల వాని చెయ్యి తెగుతది."

కుర్రవాళ్ళు వెనక్కి తగ్గారు. పుష్పమ్మ తగ్గలేదు. మొగుడి పక్కకు వచ్చి నిలబడింది. "ఏం జూస్తున్నవ్? మెడ గాడ్నే ఉన్నది. కొట్టు."

సంజీవ మోకాళ్ళ మీద లేచాడు. నోట్లో నెత్తురు ఉమ్మేసి, తల తీసుకొచ్చి మొద్దు మీద పెట్టాడు. "కొట్టు మామా. నేనేమనను."

యాకయ్య కత్తి ఎత్తాడు. నరకాలని ఉంది. ఆకలిగొన్నవాడికి అన్నం మీద ఉన్నట్టు ఉంది. ఆ మెడను చూశాడు. కోతల పండుగకు తన భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన పిల్లవాడి మెడ. దాని పక్కన, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వద్దని కూడా అనలేక చూస్తున్న అక్క. కత్తి గాల్లో వణికింది. ముప్పై ఏళ్ళలో వణకని కత్తి.

సంజీవ తల తిప్పి ఆ వణుకు చూశాడు. చూసి, తల తీసేశాడు. కుడిచెయ్యి తెచ్చి మొద్దు మీద చాచి, ఎడమచేత్తో మోచెయ్యి అదిమి పట్టుకున్నాడు.

"నువ్వే నేర్పినవ్ అత్తా, చాప మీద కూసోవెట్టి. తప్పు చేసిన చెయ్యి ఉండుడు కంటె లేకుండుడే మేలని. గిదే చెయ్యి మామా."

ఆ వాక్యానికి అర్థం అది కాదని, మనసును కోసుకొమ్మని తప్ప మాంసాన్ని కాదని, అయ్యగార్లు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. రాళ్ళకుంటలో మాటంటే ఉన్నదున్నట్టే. అయ్యగారు "వద్దు యాకయ్యా" అని అరుస్తూ గోడెక్కి దూకేసరికి కత్తి దిగింది.

ఒక్కటే దెబ్బ.

చెయ్యి మణికట్టు దగ్గర తెగి బురదలో పడింది. వేళ్ళు రెండుసార్లు ముడుచుకుని విచ్చుకున్నాయి. నెత్తురు చిమ్మి పక్కనే ఉన్న నల్లయాట వీపంతా తడిసింది. అది ఒక్క వణుకు వణికి, తల నుంచి తోక దాకా విదిలించుకుంది.

"జడితి వట్టింది" అంది ఉప్పలమ్మ, అలవాటుగా. అన్న తర్వాత నోరు రెండు చేతులా మూసుకుని కూలబడింది. దాన్ని నరకడానికి ఎవరూ ముందుకు రాలేదు. తాడు లాక్కుంటూ అది తోపు బయటికి పోయింది.

సంజీవ అరుపు తోపు దాటి వాగు దాకా వినిపించింది. యాకయ్య కత్తి పారేసి, తలగుడ్డ విప్పి, మొండి చేతికి బిగించి కట్టాడు. యాట నెత్తురు ఆపడం రాని మనిషికి మేనల్లుడి నెత్తురు ఆపడం ఎట్లా వచ్చిందో! "చెయ్యి మీదికి వట్టు, దించకు, దించకు బిడ్డా" అంటూ వాణ్ని చంటిపిల్లవాడిలా ఎత్తుకుని రోడ్డు మీదున్న కిరాయి జీపు దాకా పరిగెత్తాడు. పుష్పమ్మ కదల్లేదు. బురదలో ఉన్న చేతిని చూస్తూ నిలబడింది. ఆ చేతికి తను కొన్నేళ్ళు ముద్దలు పెట్టింది, బలపం పట్టించింది. వంగి దాన్ని తీసి, తన పరమాన్నం కుండ మీద కప్పిన తెల్లగుడ్డలో చుట్టుకుని, ఏడుస్తూ జీపెక్కింది. మూడు నెలల తర్వాత ఆమెకు అప్పుడే ఏడుపు వచ్చింది.

తొర్రూరులో దవాఖాన వరండా. లోపల డాక్టరు నెత్తురు ఆపాడు గానీ చెయ్యి మళ్ళీ అతకదన్నాడు. వరంగల్ తీసుకుపోవడానికి అంబులెన్సు రావాలి. సంజీవ మత్తులో ఉన్నాడు. యాకయ్య ఒళ్ళంతా ఎండిన నెత్తురుతో నేల మీద కూర్చున్నాడు. పక్కన పుష్పమ్మ, ఎదురుగా బెంచీ మీద చేతికి బద్ద కట్టుకుని ఎల్లక్క. గోడవారగా అయ్యగారు, నలుగురు కుర్రవాళ్ళు. తోపులో కట్టెలు తీసినవాళ్ళే. ఇప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

సీఐ రెండు జీపులతో వచ్చాడు. "ఆ దినం రోడ్డు మీద ఉన్నది గీ సారే" అని కుర్రవాడొకడు గొణిగాడు. సీఐ కబురంతా వినే వచ్చాడని నడకలోనే తెలుస్తోంది. కానిస్టేబులు స్టూడెంటును చంపానని జనం ముందు ఒప్పుకున్నాడంటే ఊళ్ళు తగలబడతాయి. ఒప్పుకున్న మాటలో కొట్టమన్నవాడి పేరు కూడా ఉందంటే ముందు తగలబడేది ఎవరో ఆయనకు బాగా తెలుసు. కుర్చీ తెప్పించుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"పండగలో మేకను నరుకుతున్నారు. చెవులు పట్టుకున్నవాడి చేతి మీద కత్తి జారింది. అంతేగా?"

కుర్రవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచించారు. యాకయ్యను జైలు తప్పించే దారి అదొక్కటే. "అంతే సారు" అన్నారు. అయ్యగారు తన చెప్పులు చూసుకున్నాడు. పుష్పమ్మ మొగుడి మోకాలు పట్టుకుని, "జారింది సారు, జారింది" అంది.

"జారలే" అన్నాడు యాకయ్య.

"ఏయ్, ఊకో" అంది పుష్పమ్మ. "నీ కాళ్ళు మొక్కుత, ఊకో. కొడుకు పోయిండు, నువ్వు గూడ పోతవా?"

"ముప్పై ఏండ్ల సంది నా కత్తి జారలే. నేనే నరికిన సారు. నన్ను లోపలెయ్యి. గాని ఎందుకు నరికిన్నో రాయి. నా కొడుకు కాలు జారి సావలేదని రాయి."

సీఐ నవ్వలేదు, కసరలేదు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. "రాస్తే ఏమవుతుందో తెలుసా పెద్దాయనా? నీకు పదేళ్ళు. లోపల పడుకున్నవాడికి యావజ్జీవం. ఈ ఇద్దరాడవాళ్ళు రోడ్డు మీద మిగులుతారు. జారిందంటే ఎవరింటికి వాళ్ళు పోవచ్చు. వాడికి ఒంటిచేత్తో ఆఫీసు పని చూపించే పూచీ నాది." యాకయ్య మళ్ళీ నోరు తెరవబోతే చేత్తో ఆపాడు. "నీ మాటతో పని లేదు. చెయ్యి పోయింది వాడిది. వాడు మత్తులో ఉన్నాడు. ఫిర్యాదు వాళ్ళమ్మది."

ఎల్లక్క వైపు తిరిగాడు. పెన్ను తీశాడు.

"చెప్పమ్మా. నువ్వు చెప్పిందే రాస్తాను. కత్తి జారింది కదూ?"

ఎల్లక్క తల తిప్పి లోపలి గదిలోకి చూసింది. గుడ్డతెర కింద నుంచి మంచం కోళ్ళు, వేలాడుతున్న సెలైన్ గొట్టం కనిపిస్తున్నాయి. ఒక్క మాట. జారింది అంటే కొడుకు ఉద్యోగం ఉంటుంది, తమ్ముడు ఇంటికి వస్తాడు, ఊరు మామూలుగా ఉంటుంది. ఆమెకు కొడుకు తప్ప ఈ లోకంలో ఎవరూ లేరు. ఆ కొడుకు కోసమే ఆ రోజు మెట్ల మీద పడి మొక్కుకుంది. ఎవరి కొడుకు పోతేనేం నా కొడుకు బతకాలని మొక్కుకుంది, ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ మూడు నెలలుగా అది ఆమె గొంతులో ముల్లులాగా ఉంది. తమ్ముడి వైపు చూసింది. యాకయ్య ఆమెను బతిమాలలేదు. కళ్ళు ఎత్తి చూశాడు, అంతే. చిన్నప్పుడు అమ్మ కొడుతుంటే అక్క వెనక దాక్కుని అట్లాగే చూసేవాడు.

ఎల్లక్క విరిగిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని బెంచీ మీద నుంచి లేచి నిలబడింది.

"నా కొడుకు ఉన్నడు సారు. ఒక చెయ్యి లేకున్నా ఉన్నడు. జైల్ల ఉన్నా పోయి చూసుకుంట. నా తమ్ముడు ఏడికి పోయి చూసుకోవాలె?" తలతో పెన్ను వైపు చూపింది.  "రాయి. మా తమ్ముని కత్తి జారలే. మా చిరంజీవి కాలు జారలే. నా కొడుకు లాఠీ జారలే. కొట్టుమన్న నీ నోరు గూడ జారలే సారు. నాలుగూ రాయి."